యాడా, యాడా, యాడా

నేను పెంచి చెబుతానని ముందే ఒప్పుకుంటున్నాను. పులి అని రాసినచోట పిల్లి అని చదువుకోండి.

కొన్నేళ్ల కిందట బస్తర్‌లోని ఒక గని టౌన్‌షిప్‌లో, పర్సనల్ విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా ఉండగా, నన్నొక శాఖాపరమైన విచారణకు దుబాసీగా వేశారు. ఆరోపణ పత్రం అందుకున్న కార్మికుడికి హిందీ సరిగా రాకపోతే, అతని మాటను విచారణాధికారికి చేరవేసేవాడు దుబాసీ. ఆ గదిలో నా హోదా ఫ్యానుకంటే ఒక మెట్టు కింద. ఫ్యాను నాకంటే నలభై ఏళ్లు సీనియరు.

కార్మికుడి పేరు లచ్చయ్య. కన్వేయర్ బెల్టు దగ్గర పని, ఊరు ఉసూర్ పక్కన. చెప్పాపెట్టకుండా పంతొమ్మిది రోజులు డ్యూటీకి రాలేదు. సంజాయిషీ నిలబడకపోతే ఉద్యోగం పోతుంది. తోడుగా ఒక సహోద్యోగిని తెచ్చుకునే హక్కు అతనికుంది. ఎవరినీ తెచ్చుకోలేదు.

అధికారి ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చాడు. ఎవరైనా రెండు నిమిషాలు దాటి మాట్లాడితే ఆయన ఇంగ్లీషు కత్తెరలు బయటికి తీసేవాడు. మొదట 'బ్లా బ్లా', తర్వాత 'లాంగ్ స్టోరీ షార్ట్', మరీ విసుగొస్తే 'యాడా యాడా యాడా'. మిగతాదంతా మామూలేలే, ఇక ఆపు అని దానర్థం. మన తెలుగు కత్తెర 'సరే మరి'. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక్కణ్ణే ఉంటున్న నేను, ఫోన్లో రోజూ వినేది అదే.

లచ్చయ్య మోకాలి నొప్పితో మొదలుపెట్టాడు. క్వార్టరు కప్పు కారడం, రాని బస్సు, సూపర్‌వైజరు, సూపర్‌వైజరు బామ్మర్ది, ఆ బామ్మర్ది మోటారు సైకిలు. బయట ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. నాకు గడ్డం పెరిగింది. అసలు సంగతి దగ్గరికి వచ్చినప్పుడల్లా అతను పక్కకి తప్పుకునేవాడు.

"క్యా బోల్ రహా హై?" అని అధికారి నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే చెయ్యి ఊపి, "యాడా, యాడా, యాడా" అన్నాడు.

లచ్చయ్య ఠక్కున ఆగాడు. అతని తెలుగులో 'యాడ' అంటే ఎక్కడ అని. నా వైపు తిరిగాడు.

"యాడ అంటే ఏం జెప్పాలె సారూ? ఉసూర్ సంతల జూసిన. గీదం బస్టాండుల జూసిన. జగదల్‌పూర్ టేషన్ల బెంచీల కింద గూడ వంగి జూసిన. మా సమ్మక్కకు మతి నిలుస్తలేదు. ఇంట్లకెల్లి ఎటో పోయింది. పేరేందని ఎవరన్న అడిగితే నా పేరే జెప్తది. మరి ఎవలు పట్టుకొస్తరు సారూ? ఇన్ని దినాలాయె, యాడ జూసినవని ఒక్కలు అడగలే."

సమ్మక్క అతని భార్య. ఈసారి ఒక్క మాట వదలకుండా అనువదించాను. అధికారి అంతా రాయించి, గైర్హాజరును సెలవుగా మార్చాలని సిఫారసు చేశాడు. ఉద్యోగం నిలిచింది. సమ్మక్క దొరకలేదు.

ఆ తర్వాత నా చేత్తో రాసిన ఏ వాంగ్మూలంలోనూ 'వగైరా' లేదు. చెప్పేవాడు ఆగేదాకా రాయాలి. పనిలో నేను నేర్చుకున్నది ఇంతే.

ఇక, నేను కల్పించిన భాగం. గడ్డం సంగతి మీకు తెలిసిపోయే ఉంటుంది. అధికారి చెయ్యి ఊపలేదు, ఆరోజు ఆ మాట అననూ లేదు. లచ్చయ్య ఏమంటున్నాడో ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అతని అరగంట గోడుకు అనువాదంగా "యాడా యాడా యాడా, సర్" అన్నది నేను.