సూదీ, ఒక్కపొద్దూ

“పోయినసారి మొక్కులేకనే కడుపు పోయింది అవ్వా. రేపు శనివారం. పొద్దు గూకేదాంక ఒక్కపొద్దు ఉండాల్సిందే.”

“మొక్కులేక కాదు, షుగర్ దిగకముందే కడుపైంది, పోయింది. సూది ఏసుకునేదాన్ని ఉపాసం ఉంచుతవా? గంత భక్తుంటే నువ్వే ఉండు.”

“నేనెందుకుంట? కడుపుతోటున్నది నేనా? సూదులు లేకనే ముగ్గుర్ని కన్న.”

“నీకు షుగర్ లేకుండె, కన్నవ్.”

వర్ని దగ్గర, మా మనవరాలి అత్తగారింట్లో, దాని అత్తకూ నాకూ ఈ తగాదా. తల్లి లేని పిల్ల, నేనే పెంచాను. చిన్నప్పటి నుంచే దానికి షుగర్, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మొదటి కడుపు నిలవలేదు. షుగర్ అదుపులోకి వచ్చాకే మళ్ళీ ఆలోచించమంది నిజామాబాద్ డాక్టరమ్మ. ఏడాది పొడుగునా జొన్నరొట్టె కూడా లెక్కగా తిన్నది. చెరుకు బండ్లు వాకిలి ముందు నుంచి పోతున్నా ఒక్క గడ విరవలేదు. ఇప్పుడు ఆరో నెల.

“నువ్వేమంటవే?” అని దాన్నే అడిగాను.

“నన్నడుగకు అవ్వా. మీరిద్దరు తెంపుకోన్రి.”

మేం ఏదీ తేల్చుకోలేదు. ముఖాలు తిప్పుకుని పడుకున్నాం.

తెల్లారి నా కళ్ళ ముందే సూది వేసుకుంది. రొట్టె పళ్ళెం పట్టుకుని పెరట్లోకి పోయింది. తిన్నదనే అనుకున్నాను. నాకు భయపడి సూది వేసుకుంది, అత్తకు భయపడి రొట్టెను బర్రె కుడితిలో వేసిందని తర్వాత తెలిసింది. దేవుని గూడు ముందు ముగ్గు వేస్తూ పక్కకు ఒరిగింది. ఒళ్ళంతా చెమట, వణుకు. మాట ముద్దగా వస్తోంది.

“దేవుడొచ్చిండు అవ్వా!” అని అత్త చేతులు జోడించింది.

“దేవుడు కాదు, షుగర్ పడిపోయింది. చక్కెర తే, ఉరుకు!”

దవడ లోపల చక్కెర రుద్దాను. కొంత తెలివొచ్చాక చక్కెర నీళ్ళు తాగించి, ఆటోలో నిజామాబాద్ తీసుకుపోయాం. డాక్టరమ్మ కడుపు మీద మిషన్ పెట్టింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లే దక్కేది కాదని కోప్పడింది. ముందున్న నెలల గురించి అడిగితే, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది.

అత్త ఇడ్లీ తెప్పించి, తుంచి, కోడలి నోట్లో పెట్టింది. అది తిన్నది. మిగిలిన ఇడ్లీ పారేయడమెందుకని అత్త ముందుకు జరిపాను.

“నువ్వు తిను అవ్వా,” అంది. “ఇయ్యాల నాకు ఒక్కపొద్దు.”