డ్రైనేజీ పైపులో ఉడికిన సున్నిపిండి

ఆ రోజుల్లో నీళ్ళు పారబోయడమే తప్ప అవి ఎక్కడికి పోతాయని ఆలోచించే అలవాటు నాకు బొత్తిగా లేదు. ఏలూరులో మా పుట్టింట్లో స్నానాల గది నీళ్ళు తూములోంచి తిన్నగా పెరట్లోని అరటి పాదుల్లోకి పోయేవి. కుంకుడు తొక్కలు పోయినా, అన్నం వార్చిన గంజి పోయినా, నలుగు పిండి పోయినా అరటి చెట్లు కిమ్మనకుండా తాగి గెలలు వేసేవి. అందుకని పెళ్ళయి ఢిల్లీ వచ్చాక కూడా, ఏం పోసినా తూము పుచ్చుకుంటుందనే ధీమాతోనే ఉన్నాను. (పుచ్చుకోకపోతే ఏమవుతుందో మా అమ్మ చెప్పలేదు. ఆవిడకీ తెలియదు పాపం.) డెబ్భైల చివర్లో ఒక దీపావళి నాడు ఆ ధీమా వల్ల మేం సామానుతో సహా రోడ్డున పడబోయాం.

మా వారిది అప్పుడు సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగం. సరోజినీ నగర్‌లో సర్కారు క్వార్టరు కోసం పేరు రాయించుకున్నారు గానీ, అది వచ్చేలోగా మాకు మనవలు పుట్టేలా ఉంది. అద్దె ఇంటి కోసం ఎక్కని మెట్లు లేవు. "మద్రాసీలా? చేపలు వండుతారు, వద్దు" అని తలుపు వేసేవారు. మేం చేప ముట్టమనీ, మాది మద్రాసు కాదనీ చెప్పేలోపే గడియ పడేది. చివరికి కరోల్‌బాగ్‌లో ఒక ముసలి పంజాబీ దంపతులు పై వాటా ఇచ్చారు. ఆయన్ని అందరూ బావూజీ అనేవారు, ఆవిడని బీజీ అనేవారు. మేమూ అలాగే పిలిచాం. ఇల్లు బాగా పాతది. మేం దిగిన రోజునే బావూజీ చేతికర్రతో గోడ మీద పైపుని కొట్టి చూపించి, "అంగ్రేజ్ జమానే కా మాల్ హై! ఇప్పటి పైపులా ఇది? దీనికి ఇంతవరకు జబ్బంటూ రాలేదు" అన్నారు. మా స్నానాల గది నీళ్ళు ఆ ఇనప పైపులోంచి కిందికి దిగి, వాళ్ళ ముంగిలి కింద పాతిన మట్టి గొట్టాల్లోంచి బయట గల్లీలో ఉన్న గుంటలోకి పోవాలి. ముంగిలి మధ్యలో కూడా ఒక చిల్లుల మూత ఉండేది, అక్కడి నీళ్ళూ ఆ గొట్టాల్లోకే. నాకప్పుడు నాలుగో నెల. ఆ ఇల్లు పోతే ఆ వేవిళ్ళతో మళ్ళీ మెట్లు ఎక్కి దిగే ఓపిక నాకు లేదు.

ఇక కలెక్టర్ల సంగతి. మునిర్కాలో ఒక ఇరుకు గదిలో నలుగురు మన కుర్రాళ్ళు సివిల్స్‌కి చదువుతుండేవారు. ఒకడు మా వారి ఊరివాడు, మిగతావాళ్ళు వాడికి వేలు విడిచిన స్నేహితులు. పరీక్ష పాసవకముందే నేను వాళ్ళని కలెక్టర్లు అనేదాన్ని. ఆదివారం ఆదివారం వచ్చి ముద్దపప్పు, ఆవకాయ తిని, దేశ సమస్యలు పరిష్కరించి వెళ్ళేవారు. ఆ ఏడు నరక చతుర్దశి, అమావాస్య ఒకే రోజు వచ్చాయి. అంటే పొద్దున మన తలంట్లు, సాయంత్రం బీజీ వాళ్ళ లక్ష్మీ పూజ. "ఊరు వదిలాక మాకు తలంటే లేదు వదినగారూ, అక్కడ పంపు దగ్గర చన్నీళ్ళకే కొట్టుకుంటున్నాం" అని ఒక కలెక్టరు దిగులుగా అన్నాడు. నా గుండె కరిగిపోయింది. "ఏం, మేం లేమా? చతుర్దశికి అందరూ తెల్లారేసరికి ఇక్కడ ఉండండి" అనేశాను. మా వారు నావైపు అదోలా చూశారు. ఆ చూపు అన్ని నీళ్ళు కాచడానికయ్యే కిరసనాయిలు గురించనుకున్నాను. (నిజానికి అప్పుడు ఆయనకీ పైపు గురించి తట్టలేదు, తర్వాత మాత్రం "నేను అప్పుడే అనుకున్నా" అని చాలాసార్లు అన్నారు.)

చీకటితోనే లేచి కుంకుడు రసం తీసి, స్టవ్ మీద నీళ్ళు మరిగించాను. కలెక్టర్లని పీటల మీద వరసగా కూర్చోబెట్టి నడినెత్తిన నువ్వుల నూనె పెట్టాను. వాళ్ళు నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నవాళ్ళో పెద్దవాళ్ళో, అయినా ఆ పూట నేను వాళ్ళందరికీ తల్లినైపోయాను. పెసరపిండి, శనగపిండి, పసుపు, కచ్చూరాలు కలిపి మా అమ్మ డబ్బా నిండా పంపిన సున్నిపిండి ముందు పెట్టి, "మొహమాటపడకండయ్యా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. మొహమాటమన్నది వాళ్ళ వంశాల్లోనే లేదు. ముగ్గురయ్యేసరికి డబ్బా అడుగు కనిపించింది. ఆఖరివాడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వాడు డబ్బా దులిపి ఒళ్ళంతా పట్టించుకుని, నెత్తి మీద నూనె కారుతూ, పసుపు ముద్దలా తలుపు తీసుకుని బయటికి వచ్చి, "వదినగారూ, నీళ్ళు పోవడం లేదండీ. చీలమండలు మునిగాయి" అన్నాడు.

నేను నవ్వాను. నిజం, నవ్వాను. "జిడ్డు పట్టి ఉంటుంది, మరిగే నీళ్ళు పోస్తే అదే దిగుతుంది" అని, పొయ్యి మీద కళపెళలాడుతున్న గిన్నెడు నీళ్ళు తెచ్చి తూములో కుమ్మరించాను. బుడబుడమని పెద్ద శబ్దం. ఆ తర్వాత అస్సలు శబ్దం లేదు. మరుక్షణం కమ్మగా ఒక వాసన వచ్చింది. వంటింట్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి?

"ఏమండీ, పైపులో పిండి ఉడికిందండీ" అన్నాను.

"ఏం పిండి?"

"మా అమ్మ పంపిన పిండి. మరిగే నీళ్ళు పోస్తే పిండి ఏమవుతుంది, ముద్దవదూ?"

మా వారు తూములోకి వంగి చూసి, వాసన చూసి, అక్కడే చతికిలబడ్డారు. అప్పుడు కెమిస్ట్రీ కలెక్టరు ముందుకొచ్చాడు. ఒంటి మీద పిండి అప్పటికే ఆరి బీటలు వారుతోంది. మాట్లాడితే చెంపల మీంచి పెళ్ళలు రాలుతున్నాయి. "కంగారు పడకండి. జిడ్డుకి క్షారమే విరుగుడు. కాస్టిక్ సోడా పోస్తే ఎంతటిదైనా కరగాల్సిందే" అన్నాడు. చదువుకున్నవాడు కదా అని మా వారు ఉన్నపాటున బజారుకి పరుగెత్తి సగం తలుపు తీసిన కొట్లోంచి పొట్లం తెచ్చారు. కెమిస్ట్రీ కలెక్టరు దాన్ని చాలా జాగ్రత్తగా, ముఖం పక్కకి తిప్పుకుని పోశాడు. పోశాక, ఆగిన నీళ్ళు గుడగుడమని కిందికి జారాయి. వాడి మొహంలో రంగు మారడం ఆ పసుపు కిందినుంచి కూడా నాకు కనిపించింది. "వదినగారూ, నూనెలో కాస్టిక్ సోడా కలిపితే... సబ్బు తయారవుతుందండీ" అన్నాడు మెల్లగా. "దానికి తోడు కుంకుడు రసం కూడా ఉంది కదండీ లోపల" అని ఇంకా మెల్లగా అన్నాడు.

కిందినుంచి బీజీ కేక వినిపించింది. నా జన్మలో అలాంటి కేక వినలేదు. అందరం మెట్ల మీదికి పరుగెత్తాం. ముంగిలి చుట్టూ కొత్తగా వెల్లవేసిన గోడలు తళతళలాడుతున్నాయి. గుమ్మం నుంచి పూజ గది దాకా బీజీ పొద్దున్నే పిండితో, కుంకుమతో లక్ష్మీదేవి పాదాలు దిద్దింది. ముంగిలి మధ్యలో చిల్లుల మూతలోంచి పసుపు రంగు నురగ పొంగుకొస్తోంది. పొంగడమంటే మామూలు పొంగడం కాదు. ఊపిరి తీస్తున్నట్టు ఒకసారి లేస్తుంది, ఒకసారి తగ్గుతుంది, మళ్ళీ ఇంకాస్త ఎక్కువ లేస్తుంది. మధ్య మధ్య ఉడికిన పిండి ఉండలు. లక్ష్మీదేవి పాదాలు ఒక్కొక్కటీ మునిగిపోతుంటే మేం చూస్తూ నిలబడ్డాం. బావూజీ చేతికర్రతో బయటికి వచ్చి ఆ నురగని, మెట్ల మీద తుండుగుడ్డలతో వరసగా నిలబడ్డ కలెక్టర్లని, చివర్న బీటలు వారిన ఆ పసుపు మనిషిని చూశారు.

"యే క్యా హై?" అన్నారు, వేలు వాడి వైపే పెట్టి.

నేను పాసైన హిందీ పరీక్షల్లో ఇలాంటి పరిస్థితికి పాఠం లేదు. "బావూజీ, హమారా త్యోహార్..." అని ఏదో గొణిగాను.

"మీ పండగ నా అంగ్రేజ్ జమానే పైపులోనా? అది పగిలిందంటే ముంగిలంతా తవ్వాలి! మేస్త్రీ, కొత్త గొట్టాలు, కూలి, అంతా మీదే! పండగ అవ్వగానే మకాన్ ఖాలీ!" అన్నారు. తవ్వకం ఖర్చెంతో ఆయన చెప్పలేదు, మా వారు లెక్క అడగలేదు. ఆయన మొహం చూస్తే అది ఎన్నో నెలల జీతమని అర్థమైంది. నాకు మాత్రం ఖర్చు కాదు, ఆ ఆఖరి మాటే చెవుల్లో ఉండిపోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

పైపులు బాగుచేసే అతను గల్లీ చివర ఉండేవాడు. మా వారు వెళ్ళి బతిమాలితే, "ఏడాదికొక్క దీపావళి సాబ్. ఇవాళ మీ మురికి ముట్టుకోను" అన్నాడట. అనడంలో తప్పేముంది? కానీ మంచివాడు, తన వెదురు బద్దలు మాత్రం ఇచ్చాడు. పొడుగాటి బద్దలు. ఒకదాని చివర ఇంకొకటి కట్టుకుంటూ గొట్టంలోకి తోసుకుంటూ పోవాలి. గల్లీలో గుంట మూత తీసి కలెక్టర్లు నలుగురూ లుంగీలు ఎగ్గట్టి వరసగా బద్ద పట్టుకున్నారు. జిల్లాల్ని పాలిస్తామన్న కుర్రాళ్ళు ముక్కులు మూసుకుని, కళ్ళు మూసుకుని, ఆ కంపులో "ఐసా... ఐసా..." అని తోస్తున్నారు. రోజూ ఈ పని చేసేవాళ్ళ గురించి అదివరకు ఎన్నడూ ఆలోచించలేదే అని నాకు లోపల సిగ్గేసింది. బద్ద కొంత దూరం పోయి, రాయికి తగిలినట్టు ఠంగుమని ఆగిపోయింది. "పిండి ఇంత గట్టిగా ఉండదే!" అన్నాను నేను. బావూజీ నమ్మలేదు. వాళ్ళని పక్కకి నెట్టి, గుంట మీదికి వంగి, "జోర్ లగావో!" అని చేతికర్ర ఆడించారు. వాళ్ళు జోర్ లగాయించారు.

పొద్దుటినుంచి ఆ గొట్టాల్లో నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ముందు ఒక గడ్డ ఫిరంగి గుండులా వచ్చి ఎదురుగోడకి కొట్టుకుంది. దాని వెనక నూనె, కుంకుడు రసం, పసుపు, నురగ, ఉడికిన పిండి, మొత్తం ముగ్గురి తలంటూ కలిసి బావూజీ నెత్తిన పడింది. ఆయన కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డారు. మీసాల చివర్న నురగ బుడగ ఒకటి ఉబ్బి టప్పున పగిలింది. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రం కూడా ఆగక్కర్లేదు, ఇప్పుడే సామాను గల్లీలో ఉంటుంది అనుకున్నాను.

బీజీ మాత్రం ఆయన వైపు చూడట్లేదు. చీపురు పుల్లతో ఆ గడ్డని తిప్పి చూస్తోంది. పైన పసుపుగా మా పిండి, లోపలంతా తెల్లగా, రాయిలా.

"యే తో చూనా హై" అంది.

సున్నం! దీపావళికి వెల్లవేసినవాళ్ళు మిగిలిన సున్నం బకెట్లు ముంగిలి మూత దగ్గరే కడిగారట. బయట గల్లీలో కడగమని బీజీ చెబితే, "అంత దూరం ఎందుకు, ఇక్కడే పోసేయండి, ఈ పైపుకేం కాదు" అని పోయించింది స్వయానా బావూజీ. అప్పుడు కెమిస్ట్రీ కలెక్టరు వచ్చీరాని హిందీలో, "పాతకాలంలో సున్నంలో ఇలాంటివే కలిపి కోటలు కట్టేవారు మాతాజీ" అని వివరించబోతే మా వారు వాడి కాలు తొక్కారు. బీజీ నడుం మీద చేతులు పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది. "అయితే ఇప్పుడు మకాన్ ఎవరు ఖాళీ చెయ్యాలి? ఈ కడుపుతో ఉన్న పిల్లా, నువ్వా?" అంది. బావూజీ ఒక కన్ను తెరిచారు, ఆవిణ్ణి చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. అలా మొదలైన నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు, నేనైతే ఏడుస్తూనే నవ్వాను. పూజకి ఆయన శుద్ధి కావాలిగా? గల్లీలోనే పక్కపక్కన పీటలు వేసి బావూజీని, ఆ పసుపు కలెక్టరుని కూర్చోబెట్టాం. మిగిలిన కుంకుడు రసంతో నేను నీళ్ళు పోస్తుంటే బీజీ ఇద్దరి తలలూ తోమింది. ఆ సాయంత్రం కొత్తగా దిద్దిన పాదాల పక్కనుంచి నడిచి మేమంతా వాళ్ళ పూజకి వెళ్ళాం. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా పెద్దమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. తూముకి గుడ్డ కట్టి మరీ పిల్లకి నలుగు పెట్టింది బీజీయే.

ఇప్పుడు ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా సొంత ఫ్లాట్. అన్నీ ప్లాస్టిక్ పైపులు. మొన్నీమధ్య మా స్నానాల గదిలో నీళ్ళు ఆగిపోతే ఒక కుర్రాడు మోటారు తీగ తెచ్చి గిర్రున తిప్పి, కాఫీ కాగేలోపు బాగుచేసి వెళ్ళిపోయాడు. నాకు మనసొప్పక కింది ఫ్లాటుకి వెళ్ళి గంట కొట్టాను. వాళ్ళ కప్పు మీద చెమ్మ ఏమైనా దిగిందేమో, నాలుగు మాటలు అంటే పడదామని సిద్ధపడే వెళ్ళాను. చెవుల్లో ఏవో పెట్టుకున్న ఒక అమ్మాయి తలుపు తీసి, నేను సగం చెప్పేసరికే "నో ప్రాబ్లమ్ ఆంటీ" అని నవ్వి తలుపు వేసేసింది. డెబ్భై దగ్గరపడ్డ మనిషిని, పని గట్టుకుని తిట్లు తినడానికి వెళ్ళి, ఎవరూ తిట్టలేదని మొహం చిన్నబుచ్చుకుని లిఫ్టు ఎక్కాను.