ఆమె పాలీ నాకొచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అరవకుండా మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. రోజంతా మరమగ్గాల చప్పుడులో ఉండి వచ్చేవాళ్లు కాబట్టి మా బాపు, మా చిన్నాయన, కండెలు చుట్టే మా అమ్మ కూడా మంచినీళ్లు అడగాలన్నా గొంతు పెంచేవారు. సూరత్‌లో మా గల్లీలో ఏ ఇంట్లోనైనా అంతే. ఆ అరుపుల మధ్య నేను ఒక మూల కూర్చుని అట్టలూడిన పుస్తకాలు చదువుకునేదాన్ని. ఎవరేమన్నారో, ఎవరు ఎలా నవ్వారో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఈ పిల్లతో ఏ లొల్లీ లేదని చుట్టాలు మెచ్చుకునేవారు. నోరు విప్పని మనిషి ఎవరినీ నొప్పించదని నేనూ నమ్మాను.

మాది తెలుగు మీడియం మున్సిపల్ బడి. ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి మా గల్లీ పిల్లే. వాళ్ల బాపు, మా బాపు ఒకే జత మగ్గాలను నడిపేవారు. ఒకరిది పగటి పాలీ, ఇంకొకరిది రాత్రి పాలీ. షిఫ్టును మా దగ్గర పాలీ అంటారు. పాలీ దిగే మనిషి తాను ఆపిన చోట బట్ట అంచు మీద రంగు సుద్దతో గీత గీసి వెళ్తాడు. గీతకు ఇవతల ఒకరి నేత, అవతల రెండో మనిషి నేత.

ఒక వారం సరిగ్గా ఆ గీత ఉండాల్సిన చోటే బట్ట చెడింది. పోగులు తెగినా ఎవరూ చూసుకోలేదు, మగ్గం నడుస్తూనే ఉంది. నాలుగైదు మూరల పొడవున బట్ట జల్లెడలా అయింది. గీత చూద్దామంటే అది చెరిగిపోయి ఉంది. తప్పు ఎవరిదో శనివారం లోపల చెప్పకపోతే ఇద్దరిలో ఒకరిని తానే తీసేస్తానన్నాడు షెడ్డు మాస్టర్. ఆ అమ్మాయి బాపు తనది కాదన్నాడు. మా బాపు అవుననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. ఆయన పని పోతే మేం మళ్లీ ఊరికి వెళ్లాలి, నా చదువు అక్కడితో ఆగిపోతుంది. ఏం జరిగిందని అడుగుదామనుకున్నాను. అడగలేదు. మాట్లాడని మనిషిదే తప్పయి ఉంటుందని గల్లీలో అనుకోవడం మొదలైంది.

గురువారం మధ్యాహ్నం అన్నాల గంటలో నేను పెన్సిల్ చెక్కుకుంటున్నాను. మా పిల్లలందరి కంపాసు పెట్టెల్లోనూ సగం విరిచిన బ్లేడు ముక్క ఉండేది. నా పక్క బెంచీ అమ్మాయి నలుగురిని వెంటేసుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"ఏందే ముంగీ, మీ బాపు గీత చెరిపి గప్‌చుప్‌గ పన్నడంట గదా?"

నేను తల ఎత్తలేదు.

"సూడుండ్రి, మాట్లాడది. బాపు దొంగపని చేసుడు, బిడ్డ పుస్తకంల మొకం పెట్టుకునుడు. మంచిగున్నది మీ ఇల్లు."

పిల్లలు నవ్వారు. ఆ తర్వాతది నాకు వరుసగా గుర్తు లేదు. నవ్వు ఒక్కసారిగా ఆగిపోవడం గుర్తుంది. ఆ అమ్మాయి చెంప మీద, కంటికి వేలెడు కింద, సన్నగా కోసుకుపోయి ఉంది. రక్తం ఇంకా రావాలా వద్దా అన్నట్టు అంచున నిలిచి ఉంది. బ్లేడు పట్టుకున్న చెయ్యి ఎవరిదా అని చూశాను. అది నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. ఆమె ఏడవలేదు, నన్నే చూస్తూ నిలబడింది. నేనూ ఏడవలేదు. మా ఇద్దరికీ ఒకటే ఆశ్చర్యం.

దవాఖానలో మూడు కుట్లు వేశారు. ఇంకో వేలెడు పైకి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టరు చెప్పాడట. నా పేరు కొట్టేయాలని హెడ్మాస్టరు అన్నాడు. మా తెలుగు టీచరమ్మ ఆయన దగ్గర ఒక్కరోజు గడువు అడిగి తీసుకుంది.

ఆ టీచరమ్మ కూడా మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషే. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆమె కొట్టుకున్న పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టేది. పాలీ ఎక్కే మనిషి మగ్గాన్ని ఎలా ఉంటే అలా, తెగిన పోగులతో సహా తీసుకోవాలి కదా, అలాగే మీరు ఒకరి పాలీ ఒకరు ఎక్కండి అనేది. అంటే ఎదుటివాళ్ల కథను 'నేను' అంటూ మనం చెప్పాలి. వాళ్లు అవును అనేదాకా చెప్పాలి. అప్పటిదాకా తప్పయిందని అనడానికి కూడా వీల్లేదు. మగపిల్లలు ఒకరి నడక ఒకరు అనుకరిస్తూ తరగతిని నవ్వించేవారు, నవ్వుతూ నవ్వుతూనే ఎక్కడో నిజం చెప్పేసేవారు. నేను ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని చూసేదాన్ని. నాతో ఎవరికి గొడవ?

మా కోసం ఆమె శనివారం దాకా ఆగలేదు. శుక్రవారం పొద్దున ఒక ఖాళీ గదిలో ముగ్గురమే కూర్చున్నాం. తప్పయిందని చెప్పడానికి రాత్రంతా సిద్ధమై వెళ్లాను. అది తర్వాత అంది టీచరమ్మ. ముందు ఆ అమ్మాయిని నా పాలీ ఎక్కమంది.

చెంప మీద పట్టీతో, నోరు సరిగ్గా తెరవలేక, ఆమె మెల్లగా మొదలుపెట్టింది. "నేను ఎవ్వరితోని మాట్లాడ. మా బాపును పనికెల్లి తీసేస్తరని నాకు మస్తు బుగులు. ఊరికి పోతే బడి బందయితది. ఇది అచ్చి నలుగుర్ల దొంగ అన్నది. నాకు మాట రాలే. చేతిల బ్లేడుండె."

నేను ఎవరికీ చెప్పని మాటలవి. అవునని తల ఊపాను.

తర్వాత నా వంతు. "నేను..." అని మొదలుపెట్టాను. నాకు గర్వం అన్నాను. ఆమె అడ్డంగా తల ఊపింది. నువ్వంటే నాకు పడదు అన్నాను. కాదంది. మూడో మాట నాకు దొరకలేదు. రెండేళ్లుగా ఒకే బెంచీ. నా నోటుబుక్కులో ఆమె గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఎలా నవ్వుతుందో, జడ ఎలా వేసుకుంటుందో, మామిడికాయ తొక్కు ఎవరికి ముందు పెడుతుందో అన్నీ రాశాను. ఇంతగా చూసినదాన్ని, ఆమెను నిన్న నా ముందుకు తెచ్చినదేమిటో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు కలిగిన విస్మయం, చెయ్యి నాదేనని తెలిసినప్పటికంటే పెద్దది.

"తెల్వకుంటే సిగ్గెందుకు బిడ్డా," అంది టీచరమ్మ. "అడుగు."

ఆమె వైపు తిరిగాను. "ఎందుకన్నవే?" అన్నాను.

అప్పుడు ఏడ్చింది ఆమె. "చేసింది మా బాపే. చెల్లెకు జరమొస్తే రాత్రంత దవాఖానల తిరిగి తిరిగి, పాలీల నిలబడే నిద్రవోయిండు. లేషేసరికి బట్ట కరాబయింది. ఆయనే గీత తుడిషిండు. అమ్మతోని చెప్పుకుంట ఏడుస్తుంటే నేను విన్న. అందరు మీ బాపు దిక్కే సూస్తే మా బాపు బతుకుతడనుకున్న."

టీచరమ్మ కూడా ఇది ఊహించలేదు. ఈ గదిలో చెప్పిన మాట, చెప్పిన మనిషి నోటితోనే బయటికి పోవాలి తప్ప ఇంకొకరు మోసుకుపోకూడదని మాత్రం అంది. నేనే చెప్తానంది ఆ అమ్మాయి. నేను తప్పయిందన్నాను. ఆమె పట్టీ మీద వేలు పెట్టుకుని, ఊ అంది.

ఆ సాయంత్రం మా బాపు పాలీకి బయలుదేరుతుంటే ఆ అమ్మాయి, వాళ్ల బాపు మా గుమ్మం ముందుకు వచ్చారు. కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. తప్పు తనదేనని, మాస్టర్‌కు చెప్పడానికే పోతున్నానని, ముందు ఇక్కడ చెప్పాలని వచ్చానని అన్నాడు. మా బాపు నివ్వెరపోతాడనుకున్నాను.

"నాకు ఎరుకనే," అన్నాడు మా బాపు. మొదటిసారి ఆయన గొంతు అంత మెల్లగా విన్నాను.

తెగిన పోగులు ముడివేశాక మా బాపు కొసలు పొట్టిగా తుంచుతాడు, ఆ అమ్మాయి బాపు పొడుగ్గా వదిలేస్తాడు. ఏళ్ల తరబడి ఒకరి నేత మీద ఒకరు చేతులు వేసినవాళ్లకు ఆ ముడి బొటనవేలికి తగిలితే చాలట. చెడిన చోట ముడుల కొసలు పొడుగ్గా తగిలి మొదటి రోజే తెలిసిందట. "అడిగితే సిగ్గుపడ్తవని ఊకున్న," అన్నాడు. "నువ్వే అస్తవనుకున్న."

ఆ అమ్మాయి బాపు తన బిడ్డ చెంప వైపు చూశాడు.

"అడిగితే మంచిగుంటుండె అన్నా," అన్నాడు.

మా బాపు తల వంచుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు, ఇంట్లో ఇంత అరుపులున్నా అడగవలసిన మాట అడిగేవాళ్లు ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. ఆయనది మంచితనమే. నాది బిడియమే. రెండూ కలిసి ఆ పిల్ల ముఖం మీదికి వచ్చాయి.

మాస్టర్ ఆ అమ్మాయి బాపును తీసేశాడు. వారం తిరిగేసరికి సూరత్‌లోనే, పాండేసరలో ఒక రంగుల మిల్లులో పని దొరికిందని ఇల్లు ఖాళీ చేశారు. ఆమె బడి మారింది. నా పేరు కొట్టేయకుండా బడిలో ఉంచారు. ఆ బెంచీలో ఆ ఏడాదంతా ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఇప్పుడు నేను ఒక చీరల గోదాములో పని చేస్తున్నాను. ఇప్పటికీ మాట తొందరగా రాదు. అయినా ఎవరి మాటైనా గుచ్చుకుంటే, దాన్ని ఇంటికి మోసుకెళ్లను. ముందు ఆ మనిషి కథను 'నేను' అంటూ లోపల చెప్పుకుని చూస్తాను. చాలాసార్లు రెండో వాక్యం రాదు. అప్పుడు లేచి ఆ మనిషి టేబులు దగ్గరికి నడుస్తాను. "ఎందుకన్నవ్?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాను.