వసంతమ్మ చూపించిన మూడు కాగితాలు

కాలాపేట సముద్రపొడ్డున వసంతమ్మకు చిన్న ఇడ్లీ కొట్టుంది. మూడు తరాల కింద ఈ తమిళసీమకొచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఆమెకు చదవడానికి వచ్చింది తమిళమే. తెల్లారగానే పొయ్యి వెలిగించకముందే ఒడ్డంతా తిరిగి, తాబేలు గుడ్లు పెట్టిన చోట కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పి వచ్చేది. ఎవరూ చెప్పిన పని కాదు.

ఆ ఏడు ఒడ్డున కొత్తగా వచ్చిన రిసార్టు పెద్ద దీపాలు పెట్టింది. ఆ వెలుతురుకు మోసపోయి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు నీళ్లవైపు పోకుండా రోడ్డువైపు పాకసాగాయి. పొద్దున్నే చచ్చిపడి ఉన్నవాటిని వసంతమ్మ పూడ్చిపెట్టేది. రోజూ గోడమీది క్యాలెండర్లో ఆనాటి కాగితం చించి, వెనకాల చచ్చిన ఒక్కో పిల్లకొక గీత గీసి దాచేది.

సంగతి తెలిసి, ఆ వీధిలోనే ఉండే వకీలు యోగిత కేసు వేసింది.

"అత్తా, నువ్వూ చెన్నై హైకోర్టుకి రావాల."

"యాడి చట్టమో ఏందో, నాకేం తెలుసమ్మా?"

"చట్టం నేను చూసుకుంటా. నువ్వు చూసింది చెప్పు, చాలు."

తాబేలు గూటిని చెదరగొడితే వేటాడినట్టేనని చట్టంలో ఉంది. రిసార్టు వకీలు దాన్నే పట్టుకున్నాడు. "మావాళ్లు గూడు ముట్టనేలేదు. దీపం వేస్తే వేట ఎలా అవుతుంది? కుక్కలే చంపి ఉండొచ్చుగా?"

జడ్జి వసంతమ్మను ముందుకు పిలిచారు. ఆమె క్యాలెండర్ కాగితాల కట్టలోంచి మూడు కాగితాలు తీసి చూపించింది. వాటి వెనక ఒక్క గీతా లేదు.

"రిసార్టులో ట్రాన్స్‌ఫార్మర్ కాలి మూడు రాత్రులు దీపాలు వెలగలేదు సామీ," అంది తమిళంలో. "కుక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి. పిల్లలు నీళ్లలోకి పోయిన జాడలే చూశాను. ఒక్కటీ చావలేదు."

జడ్జి ఆ కాగితాలు తిప్పి తేదీలు చూసుకున్నారు.

మూడు వారాలకు తీర్పొచ్చింది. గూడంటే ఇసుకలోని గుంత ఒక్కటే కాదు, పిల్ల సముద్రాన్ని చేరే దారీ అందులో భాగమే, ఆ దారి తప్పించడమూ చెదరగొట్టడమేనని జడ్జి రాశారు. గుడ్లకాలమంతా దీపాలు ఆర్పమన్నారు. యోగిత చదివి చెబుతుంటే వసంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

మరుసటి ఏడు ఒకరోజు పొద్దున రిసార్టు కావలివాడు ఇళవరసన్ కొట్టుకు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, మా గోడ పక్కన తాబేలు గుడ్లు పెట్టింది, రా!"

వసంతమ్మ పిండిచేతులు కడుక్కోకుండానే బయల్దేరింది.