కోటేశ్వరత్త గోలీ పరీక్ష

మా కోటేశ్వరత్త కడుపునిండా తిన్న మనిషిని తప్ప ఇంకెవరినీ నమ్మదు. ఆకలి మీద ఎవరైనా చురుగ్గానే ఉంటారట. తిన్నాక కూడా పనికొస్తేనే వాడు పనిమంతుడని ఆవిడ సిద్ధాంతం. బర్మాలో, రేవు పక్కనున్న బోటాటౌంగ్‌లో మా వీధి చివర ముప్ఫై ఏళ్ళుగా అట్లబండి నడుపుతోంది కనక, ఈ సిద్ధాంతాన్ని అమలు చెయ్యడానికి కావలసిన సరంజామా ఎప్పుడూ ఆవిడ చేతికిందే ఉంటుంది.

ఒకసారి కరెంటు తీగ బాగుచెయ్యడానికి వచ్చిన బర్మా కుర్రాణ్ణి స్తంభం ఎక్కనివ్వలేదు. "ముందు తిను. తిన్నాక ఎలాగెక్కుతావో నాను సూడాల" అని నిచ్చెనకి అడ్డంగా నిలబడింది. మాట బర్మా భాషలోనే అంది గానీ, యాస మాత్రం అచ్చంగా శ్రీకాకుళానిదే. అతను నాలుగు అట్లు తిని పైకెక్కి, అక్కడే కాసేపు కునుకు తీశాడు. కింద వీధి వీధంతా మెడలెత్తి నిలబడ్డాం. చివరికి కరెంటు వచ్చింది, గంటలో పోయింది. ఆవిడ మాత్రం అతన్ని తప్పుపట్టలేదు.

"కరెంటు పోడం ఈ ఊరి జబ్బు. కుర్రోడికేటి, మంచోడే" అంది.

ఆవిడ మోకాలు చూడడానికి వచ్చిన డాక్టరు గారిదీ అదే గతి. అయిదు అట్లు తిన్నాక ఆయన వంగలేకపోయాడు. మోకాలిని దూరం నుంచే పలకరించి మందు రాసిచ్చి వెళ్ళాడు. నన్ను కూడా వదల్లేదు. మా నాన్న పోయిన కొత్తలో, నేను ఓడల ఆఫీసులో గుమాస్తా పనికి పరీక్షకి వెళ్తుంటే రోడ్డు మీద పట్టుకుని, బలవంతాన తినిపించి, పదిహేడో ఎక్కం రెండుసార్లు అప్పజెప్పించుకుంది. ఉద్యోగం వచ్చింది. మేనేజరు మొహం మీద తేన్చినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంతవరకూ ఎవరికీ ప్రమాదం లేదు. ఈ పిచ్చి మా ఫుట్‌బాల్ జట్టు గోలీ, అంటే గోల్‌కీపరు, ఎంపిక దాకా వచ్చేసరికే మాకు నిద్రాహారాలు కరువయ్యాయి. నిద్ర అనాలి. ఆహారానికి లోటు లేదు.

మా రేవు జట్టుని పెట్టింది కోటేశ్వరత్త భర్త లింగరాజు మామ. ఆయన పోయాక బంతులూ చొక్కాలూ గోలీ తొడుక్కునే గ్లవ్స్ జతా అన్నీ ఆవిడ ఇనప్పెట్టెలోకి చేరాయి. చొక్కాలు ఉతికేది ఆవిడే. శంకరరావు మాకు కోచ్. బాబూరావునైన నేను కార్యదర్శిని. కానీ చొక్కాలు ఉతికే మనిషి మాట కాదనడం మా ఇద్దరి వల్లా కాదు. గ్లవ్స్ ఎవరికిస్తే వాడే ఆ ఏటి గోలీ.

కిందటేడు తొమ్మిది ఆటల్లో మాకు ముప్ఫై ఒక్క గోల్స్ పడ్డాయి. అన్ని గోల్స్ వదిలిన మహానుభావుడు పనికోసం థాయ్‌లాండ్ వెళ్ళిపోయాడు. వానలు తగ్గగానే మొదలయ్యే పోటీల్లో మొదటి ఆటే అహ్లోన్ బియ్యం మిల్లుల జట్టుతో. వాళ్ళ జట్టులో ఒకడున్నాడు. వాడు తంతే బంతి వల చింపుకుని నదిలో పడి, అవతలి ఒడ్డున తేలుతుందని చెప్పుకుంటారు.

గోలీ స్థానానికి ఇద్దరు పోటీ పడ్డారు. ఒకడు రాజా, రేవులో మూటలు దించుతాడు. వాడు గోల్ ముందు నిలబడితే వెనక నది కనపడదు. రెండోవాడు సూరి. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫేక్టరీలో కుట్టుపని. తల్లి పల్లెలో వాడి చెల్లెలి దగ్గర ఉంటుంది, వాడొక్కడే మా పక్క వీధిలో చెక్కగదిలో అద్దెకుంటాడు. మనిషి పెన్సిలంత ఉంటాడు. గాలి గట్టిగా వీస్తే గోల్ స్తంభం పట్టుకుంటాడు.

"ఇందులో పోటీ ఏటి ఉన్నాదత్తా? రాజాయే గోలీ. గ్లవ్స్ ఇచ్చీ" అన్నాడు శంకరరావు అట్లబండి దగ్గర, టీ కప్పు పట్టుకుని.

"నువ్వు సెప్పీస్తే అయిపోద్దేటి? కాళీ కడుపుతో కప్ప కూడా ఎగురుతాది. తిని ఎగిరినోడే గోలీ" అంది ఆవిడ పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ. "రేపట్నించి ఇద్దరూ ఇక్కడ నాలుగేసి అట్లు తినాల. నా కళ్ళెదర తినాల. తిన్నాకే గోలులో నిలబడాల."

"నాను గదిలో తినీసి వత్తానత్తా" అన్నాడు సూరి.

"నీ గదిలో ఏటి తిన్నావో నాకెలాగ తెలుస్తాది? పరీచ్చంటే అందరికీ ఒకటే పేపరు!"

మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే పరీక్ష. గోదాముల వెనక ఖాళీ స్థలంలో మోకాలి లోతు బురద. పైన వాన. ఇద్దరూ నాలుగేసి అట్లు కొబ్బరి పచ్చడితో తిని వచ్చి వంతులవారీగా నిలబడేవారు. చెరో పది బంతులు తన్నేవాళ్ళం. కోటేశ్వరత్త చేతిలో అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చి చూసేది. బండి మీద అట్టు మాడిపోయేది. గిరాకీలు గోల పెట్టేవారు. "ఇక్కడ జట్టు ములిగిపోతంటే మీకు అట్టు కావాల్సొచ్చిందా?" అని గదమాయించేది. పాపం, బర్మా వాళ్ళు ఆవిణ్ణి 'డో కోటి' అని గౌరవంగా పిలుస్తారు కనక మాడినదే తినేసి పోయేవారు.

నేను పద్ధతి గల మనిషిని. ఒక నోటుబుక్కు పెట్టి ఎవరెన్ని బంతులు ఆపారో రోజూ రాశాను. మొదటి వారం రాజా పదికి ఎనిమిది, సూరి మూడు.

"తేలిపోయిందత్తా" అన్నాను.

"ఇంకా సూడాల" అంది.

రెండో వారం రాజా ఆరు, సూరి అయిదు. మూడో వారం రాజా నాలుగు, సూరి ఆరు. నాకు కంగారు పట్టుకుంది. తలుపంత మనిషి, పక్కనుంచి దొర్లుకుంటూ పోయే బంతిని చూస్తూ ఊరుకుంటున్నాడు. ఒకసారైతే ఎడం వైపు వచ్చిన బంతికి కుడివైపు దూకి బురదలో బోర్లా పడ్డాడు. పడి, అక్కడినుంచే కోటేశ్వరత్త వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. మందలిస్తోందనుకున్నాను.

జట్టు రెండుగా చీలింది. రాజాకి దిష్టి తగిలిందని సగం మంది. సూరిలో మొదటి నుంచీ ప్రతిభ ఉందని, ఆ మాట తామే మొదట చెప్పామని తక్కిన సగం. శంకరరావుకి ఈ ఏడు నలభై గోల్స్ పడతాయని భయం. నాకు యాభై అని భయం.

"అరవై అనుకుంటే సరి. అప్పుడు యాభై పడినా సంతోసంగానే ఉంటాది" అంది కోటేశ్వరత్త. ఆవిడ ధైర్యం చెప్పే పద్ధతి అది.

శుక్రవారం కల్లా ఆటగాళ్ళ జాబితా ఇవ్వాలి. గురువారం నాకు ఓపిక నశించింది. ఆవిణ్ణి అడక్కుండానే గోలీ పేరు దగ్గర 'రాజా' అని రాసేసి, ఆఫీసు భోజనం వేళ రేవు గోదాముకి వెళ్ళాను. అక్కడ లారీ మీదనుంచి ఎవరో ఉల్లిపాయల బస్తా విసిరారు. రాజా నాతో మాట్లాడుతూ, అటు చూడకుండా, ఒంటిచేత్తో దాన్ని అందుకుని కింద పెట్టాడు. వెంటనే రెండోది. దాన్నీ అందుకున్నాడు.

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. "ఒరే, బస్తాలు పట్టే చెయ్యి బంతులెందుకు పట్టట్లేదురా? పోనీలే, నీ పేరే రాసేశాను."

వాడి మొహం పాలిపోయింది. బర్మా అలవాటు ప్రకారం నన్ను అన్నా అనడానికి 'కో' అంటాడు. "సించీయండి కో బాబూ! బేగి సించీయండి! అత్తకి తెలిస్తే నన్ను సంపీత్తాది!"

"అత్తకేం సంబంధంరా?"

వాడు అటూ ఇటూ చూసి, బస్తాల వెనక్కి లాక్కెళ్ళి చెప్పాడు. సూరి పనిచేసే ఫేక్టరీ వానల మొదట్లోనే మూసేశారు. వాడెవరికీ చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి కేరేజీ పట్టుకుని, పనికి వెళ్తున్నట్టే అట్లబండి ముందునుంచి వెళ్ళేవాడు. కేరేజీ కొట్టుకునే చప్పుడుని బట్టి అందులో మెతుకు లేదని కోటేశ్వరత్త పోల్చుకుంది. పిలిచి అట్టు పెట్టబోతే "తినీసినానత్తా" అన్నాడట. మూడు రోజులు పిలిచింది, మూడు రోజులూ అదే మాట. నాలుగో రోజు నుంచి బండి ముందు రావడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాడట.

"అప్పుడీ పరీచ్చ పెట్టినాది. నాను అన్నీ ఆపీసినాననుకోండి, రెండ్రోజుల్లో తేలిపోద్ది. సూరిగాడు ఇంక రాడు. అందుకని నన్ను బంతులు ఒగ్గీమన్నాది. మొదట రెండు, తరవాత నాలుగు, ఈ వారం ఆరు. ఒగ్గీడం ఎంత కట్టమో మీకేటి తెలుసు కో బాబూ? సెయ్యి దానంతటదే ఎల్లిపోతాది. దాన్ని ఎనక్కి లాక్కోలేక సస్తన్నాను!"

నేనక్కడే ఒక బస్తా మీద కూలబడ్డాను. నా నోటుబుక్కులో మూడు వారాల రాజా లెక్కలన్నీ ఆవిడ చెప్పి రాయించినవేనని అప్పటికి తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. నేను గుమాస్తా పరీక్షకి వెళ్ళిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ కరెంటు కుర్రాడు పొద్దున్నే ఎంత దూరం నుంచి వచ్చాడో ఎవరూ అడగలేదు. డాక్టరు గారి సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన బహుశా ఊరికే దొరికిపోయాడు.

జాబితా చింపేశాను. శుక్రవారం ఇద్దరి పేర్లూ రాసిచ్చి, అట్లబండి దగ్గర అందరూ వినేలా గొంతు సవరించుకున్నాను. "నా లెక్కలింకా చాల్లేదు. గోలీ ఎవరన్నది ఏ వారానికా వారం తేలుస్తాం. పోటీలు అయ్యేదాకా రోజూ పరీక్ష ఉంటుంది."

శంకరరావు తల పట్టుకున్నాడు. కోటేశ్వరత్త నా మొహంలోకి ఒక క్షణం చూసి, నేను అడక్కుండానే నా అట్టు మీద గుడ్డు కొట్టి పోసింది. ఆ రోజంతా ఆఫీసులో హుషారుగా ఉన్నాను.

ఆదివారం వచ్చింది. "ఇయ్యాలకి రాజా" అని ఆవిడ గ్లవ్స్ ఇచ్చింది. ఆట మొదలైన మూడో నిమిషంలోనే అహ్లోన్ వాడు తన్నాడు. పెద్ద దెబ్బేమీ కాదు, నేరుగా రాజా ఒళ్ళోకే వచ్చింది. రాజా చేతులు చాచి, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. గోల్! పదో నిమిషంలో ఇంకోటి, అచ్చం అలాగే. మూడు వారాలు నేర్చుకున్న విద్య అంత తేలిగ్గా పోతుందా? వాడి మొహం చూస్తే వాడికే అర్థం కావట్లేదని తెలుస్తోంది.

కోటేశ్వరత్త ఇంక ఆగలేకపోయింది. బర్మా లుంగీ ఎగ్గట్టి, అట్లకాడ ఊపుతూ గోలు దగ్గరికి పరిగెత్తింది. "ఒరే రాజా! ఇంక ఒగ్గీకురా! సూరిగాడి తిండి కోసం ఒగ్గింది సాలు! ఇది నిజం ఆటరా!"

మైదానం మొత్తం వినపడింది. గీత దగ్గర నిలబడ్డ సూరికి అందరికన్నా బాగా వినపడింది. ఆవిడ అన్నాక గానీ తనేమందో తెలుసుకోలేదు. అట్లకాడ కిందికి వేలాడిపోయింది. సూరి తల వంచుకుని, చెప్పులు చేతపట్టుకుని, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రాజా ఒక్క బంతీ వదల్లేదు. మావాళ్ళూ రెండు కొట్టేసరికి ఆట రెండు రెండుతో ముగిసింది. కిందటేడు ఇదే జట్టు చేతిలో ఏడు తిన్నాం కనక పండగ చేసుకోవాలి. ఎవరం చేసుకోలేదు. కోటేశ్వరత్త చొక్కాలు మూట కట్టుకుంటూ, "నా నోరు పడిపోను. ఇంక ఆడు రాడు. మరింక ఏటి తింటాడు?" అని ఒకటే మాట అంటూ పోయింది.

సోమవారం తెల్లవారగానే మైదానంలో రాజా, శంకరరావు, నేనే ఉన్నాం. సూరి లేడు. ముగ్గురం దిగాలుగా అట్లబండి దగ్గరికి నడిచాం. తీరా చూస్తే పొయ్యిలో బొగ్గులు ఎర్రగా రాజుకుని ఉన్నాయి, బిందెల నిండా నీళ్ళున్నాయి. పెనం వెనక సూరి నిలబడి ఉన్నాడు. కోటేశ్వరత్త చేతులు కట్టుకుని పక్కన నిలబడింది, తన బండి దగ్గర తనే గిరాకీలాగా.

"నాకు మూడో రోజే తెలిసిపోనాది కో బాబూ" అన్నాడు సూరి, నా మొహం చూసి. "రాజా ఒగ్గిన బంతుల్ని మా యమ్మ కూడా ఆపీగల్దు."

"మరి సెప్పలేదేటిరా?" అన్నాడు రాజా ఉడుక్కుంటూ. "నాను బురదలో ఎన్ని పల్టీలు కొట్టినాను!"

"అట్లు బాగున్నాయి కదేటి" అన్నాడు సూరి. తరవాత కోటేశ్వరత్త వైపు తిరిగి, నేలచూపులు చూస్తూ, "నిన్న అందరి ముందరా అనీసరికి సిగ్గేసినాది. అదేనత్తా. ఇంక ఊరికే తినను. పని దొరికీదాకా పొద్దున్నే వచ్చి పొయ్యి ఎలిగిస్తాను, నీళ్ళు మోస్తాను. అట్లు కూడా పోస్తాను" అన్నాడు.

"నువ్వు పోస్తావా? అట్టు గుండ్రంగా రావాల. లేపోతే గిరాకీలు పోతారు. పిండి సెడిపోతాది..." అని ఆవిడ కొత్త బెంగలన్నీ ఏకరువు పెడుతూనే ఉంది. వాడు గరిటెతో పిండి పోసేశాడు.

అది ఒక వైపు మాడింది, ఇంకోవైపు పచ్చిగా ఉంది. ఆకారం చెప్పడానికి నాకు భాష చాలదు. వాడు దాన్ని జాగ్రత్తగా తీసి, పచ్చడి వేసి ఆవిడ చేతిలో పెట్టాడు. కోటేశ్వరత్త పీట మీద కూర్చుని, ముక్క మిగల్చకుండా తినేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుంది.

"ఉప్పు సాల్లేదురా" అని, ఇంకోటి పొయ్యమంది.