కార్తీకం దాకా చూద్దాం

మా కుక్కకి చెవుడు వచ్చిన సంగతి రేపల్లెలో ఉండగా తెలిసింది. అంతకుముందు కొన్ని నెలలుగా పిలిస్తే పలకడం లేదు. ముసలితనంలో మొండితనం మామూలేనని నాన్నగారు తీర్మానించారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేడ కింద రోడ్డు మీద లారీ టైరు పేలింది. అమ్మ చేతిలో గరిటె జారింది. నాన్నగారు కుర్చీలోంచి లేచారు. కుక్క మాత్రం ఒకసారి ఆవులించి, మూతి ఇంకో పక్కకి తిప్పుకుని పడుకుంది.

ఆ తర్వాత దానికి కనపడకుండా వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. ఈల వేశాను. తాళాలగుత్తి ఆడించాను. దేనికీ చెవి కదల్లేదు.

అది బాపట్లలో పుట్టింది. నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా వ్యవసాయ కాలేజీ పొలాల వైపు నుంచి నాన్నగారు సైకిలు బుట్టలో తెచ్చారు. గోధుమరంగు ఊరకుక్క, ఆడది. బాపట్లలో మాది పెంకుటిల్లు, చుట్టూ ఖాళీ స్థలం. అక్కడ అది పరిగెత్తిందే గానీ నడిచింది తక్కువ. నాన్నగారికి రేపల్లె బదిలీ అయ్యేసరికి దాని వెనక కాళ్ళు పట్టు తప్పాయి. రేపల్లెలో దొరికింది మేడమీద వాటా, మెట్లు నిటారుగా ఉండేవి. పొద్దునా సాయంత్రం దాన్ని ఎత్తుకుని దించి, ఎత్తుకుని ఎక్కించి నాన్నగారికి నడుం పట్టేసింది. నేల మీద ఇల్లున్నది నా ఒక్కడికే. అందుకని అది తెనాలి రావలసి వచ్చింది.

నేనప్పటికి మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, దుగ్గిరాలలో పసుపు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో మెషీన్ ఆపరేటర్‌గా చేరాను. తెనాలిలో ఒక మాస్టారి ఇంట్లో పక్క వాటాలో ఉండేవాణ్ణి. ఒక గది, ముందు పొడుగాటి వసారా. ఆ వసారా చివర నుయ్యి, ఈ చివర మాస్టారి అమ్మగారి పూజగది. ఆవిడని వీధంతా మామ్మగారు అనేవారు. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, బిందెతో నీళ్ళు పట్టుకుని మా వసారా మీదుగానే పూజగదికి వెళ్ళేవారు. ఆ దారిలో ఎవరు తగిలినా మడి పోయినట్టే, మళ్ళీ స్నానం చెయ్యాలి. ఆ విషయంలో కుక్కకీ నాకూ తేడా ఏమీ లేదు.

మాస్టార్ని అడిగితే, "నాదేముందయ్యా, అమ్మనడుగు" అన్నారు.

మామ్మగారు తులసికోట దగ్గర వత్తులు చేసుకుంటున్నారు.

"మామ్మగారూ, మా కుక్కని ఇక్కడికి తెచ్చుకుంటానండి."

"ఎందుకు? దొంగలొస్తారనా? నీ గదిలో ఏముంది ఎత్తుకుపోడానికి?"

"కాపలాకి కాదండి. ముసలిదైపోయింది."

"అయితే?"

"చూసుకోవాలి కదండీ."

ఆవిడ ఒక వత్తి పూర్తిచేసి, రెండోది మొదలుపెట్టి, అప్పుడన్నారు: "నా మడికి అడ్డం రాకూడదు. కార్తీకం దాకా చూద్దాం. కుదరకపోతే భట్టిప్రోలు మా పొలానికి పంపించెయ్యడమే. కౌలుకి చేసేవాళ్ళ పశువులపాక ఉంది, అక్కడ పడుంటుంది."

భట్టిప్రోలు పొలం రోడ్డు పక్కనే. ఆటోలు, బస్సులు, ట్రాక్టర్లు. పాకలో అప్పటికే వయసులో ఉన్న కుక్కలు మూడున్నాయి. చెవులు వినపడని, వెనక కాళ్ళు ఈడ్చుకునే ముసలికుక్క అక్కడ ఎన్నాళ్ళుంటుందో లెక్క కట్టనక్కర్లేదు. సరేనన్నాను.

రేపల్లె నుంచి తెనాలికి పాసింజరు రైల్లో గార్డు పెట్టెలో తెచ్చాను. దానికి టికెట్ కొని చూపిస్తే గార్డుగారు వంగి దాని మొహంలోకి చూశారు.

"ఏంటి బాబూ, కరుస్తుందా?"

"పళ్ళు సగం ఊడిపోయాయండి."

"మరి టికెట్ ఎందుకు కొన్నావు? దీనికి పింఛనివ్వాలి."

దారి పొడుగునా గడ్డం ఇనపరేకుకి ఆనించుకుని పడుకుంది. ప్రతి స్టేషన్లో రైలు ఆగేముందే తల ఎత్తేది.

నేను ఏ పనికైనా ముందు షరతులు రాసుకునే మనిషిని. కుక్క విషయంలోనూ రాసుకుని గోడకి అంటించాను. గొలుసు లేకుండా వీధిలోకి తీసుకెళ్ళకూడదు, వినపడని కుక్కకి హారన్ ఉన్నా లేనట్టే. నడక కాలవగట్టు మీదే. ఎక్కడ పాడుచేసినా పారా, బూడిదా నావే. అన్నం మెత్తగా, ఒకే వేళకి. పడకకింద రెండు మడతల గోనె, పైన దుప్పటి, ఆదివారం ఉతుకు. గోళ్ళు పెరిగితే నాపరాళ్ళ మీద జారుతుంది కాబట్టి గోళ్ళు తీయాలి. రేబిస్ ఇంజెక్షన్ తప్పకూడదు. ఆ ఇంజెక్షన్‌కి పశువుల ఆసుపత్రికి రిక్షాలో తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు ఇంకో షరతు చేర్చారు.

"చెవిటి కుక్కని వెనకనుంచి ముట్టుకోకండి. ఉలిక్కిపడి నోరు పెడుతుంది. అది దాని తప్పు కాదు, మీది."

కట్టేసి చూశాను. జామచెట్టుకి కడితే తాడు వెనక కాళ్ళకి చుట్టుకుని పడిపోయేది. పైగా మనుషులు కనపడకపోతే మొరిగేది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. రెండు రోజుల్లో పక్కింటివాళ్ళు వచ్చారు. అందుకని వసారాలో వదిలేశాను.

ఆశ్చర్యమేమిటంటే, అక్కడ ఏ గొడవా రాలేదు. వసారాలో ఉన్న నాపరాళ్ళన్నిట్లో అది నా గుమ్మం పక్కనున్న ఒక పొడుగాటి రాయినే ఎంచుకుంది. దుప్పటి వేరేచోట పరిస్తే నోటితో ఈడ్చుకొచ్చి ఆ రాయి చివరే వేసుకునేది. మామ్మగారు నూతి దగ్గర్నుంచి వస్తుంటే, ఆవిడ ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే లేచి, కుంటుకుంటూ గోడవారకి జరిగి నిలబడేది. ఆవిడ వెళ్ళాక మళ్ళీ వచ్చి పడుకునేది.

"మడి తెలిసిన కుక్క" అని మాస్టారి భార్య వీధంతా చెప్పారు. నేను ఆవిడని అక్కయ్యగారు అనేవాణ్ణి. ఆవిడే దానికి ముసలమ్మ అని పేరు పెట్టారు.

"ఆ పేరొద్దు" అన్నారు మామ్మగారు. "నువ్వు ముసలమ్మా అని పిలిస్తే మా ఇద్దర్లో ఎవరు పలకాలి?"

"మీరే పలకండత్తయ్యా, దానికి వినపడదుగా."

తడిబట్ట వాసన పసిగడుతుందని మాస్టారు, పూర్వజన్మ వాసన అని అక్కయ్యగారు. కారణం ఏదైనా నాకు హాయిగా ఉండేది. తెల్లవారుజాము షిఫ్టు ఉన్న వారాల్లో కూడా నిశ్చింతగా దుగ్గిరాల వెళ్ళేవాణ్ణి. నేను లేనప్పుడు దాని గిన్నెలో నీళ్ళు మార్చేది అక్కయ్యగారు. నేను అడగలేదు, ఆవిడే మొదలుపెట్టారు. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం అలా గడిచాయి.

దీపావళి వెళ్ళిన ఆదివారం మాస్టారు తాపీమేస్త్రీని పిలిపించి వసారా బాగుచేయించారు. కార్తీకంలో దీపాలు పెట్టుకోడానికి ఆడవాళ్ళు వస్తారు, ఎవరైనా తట్టుకుని పడతారని ఆయన భయం. కదులుతున్న రాళ్ళన్నిటికీ కింద సిమెంటు పోసి బిగించారు. నేల నున్నగా, అద్దంలా అయింది. నాకూ ముచ్చటేసింది.

మర్నాడు, కార్తీకం మొదటి సోమవారం పొద్దున, మామ్మగారు చన్నీళ్ళ స్నానం చేసి బిందెతో వస్తున్నారు. కుక్క లేవలేదు. ఆవిడ పక్కనుంచి తప్పుకుని వెళ్ళబోతే, చీరకుచ్చిళ్ళు దాని మొహానికి తగిలాయి. ఉలిక్కిపడి లేచి ఆవిడ కాళ్ళకి అడ్డం పడింది. బిందె నీళ్ళన్నీ ఒలికాయి. దేవుడి దయవల్ల ఆవిడ గోడ పట్టుకుని నిలబడ్డారు. మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళి మళ్ళీ చన్నీళ్ళు పోసుకున్నారు. మంగళవారం అదే జరిగింది. బుధవారం అది గాల్లోకి నోరు కూడా పెట్టింది. ఆవిడకి తగల్లేదు.

గురువారం సాయంత్రం మాస్టారు నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"భట్టిప్రోలు కబురు పెడతానయ్యా. ఏమీ అనుకోకు. అమ్మకి జలుబు చేసింది. స్నానం మానమంటే మానదు."

"ఆదివారం దాకా ఆగండి మాస్టారూ. అప్పటిదాకా పొద్దుటిపూట గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాను."

"ఆదివారానికి దానికేమన్నా చెవులొస్తాయా?"

గదిలో పెడితే మొరుగుతుంది. అయినా ఆయన ఒప్పుకున్నారు. అందుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బాగా నడిచే మెషీను ఉన్నట్టుండి మొరాయిస్తే, దాని వయసుని తిట్టకూడదు. ఈ మధ్య ఏం మారిందో చూడాలి. కుక్క అన్నం మారలేదు. పడక మారలేదు. కళ్ళు బానే ఉన్నాయి, బిస్కెట్టు చూపిస్తే చూస్తోంది. అయితే ఒకటి గమనించాను. అది పడుకోవడం లేదు. ఒక రాయి మీద చుట్టుకుని, లేచి, ఇంకో రాయి మీద చుట్టుకుని, మళ్ళీ లేస్తోంది. అలసిపోయి ఎక్కడో దారిమధ్యలో కూలబడి మొద్దునిద్ర పోతోంది.

శుక్రవారం డ్యూటీలో కంప్రెసర్ బేరింగు చూస్తున్నాను. దాని శబ్దం ఆ హోరులో గాల్లో వినపడదు. స్క్రూడ్రైవరు కొన మెషీనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుంటే లోపలి అదురు తెలుస్తుంది. అలా పెట్టుకుని ఉండగానే రైలు పెట్టెలో ఇనపరేకుకి గడ్డం ఆనించుకున్న కుక్క గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే దాని పాతరాయి దగ్గర చతికిలబడి అరచెయ్యి నేలకి పెట్టాను. "అక్కయ్యగారూ, నూతి వైపునుంచి ఇలా ఒకసారి నడిచి రండి" అన్నాను.

ఆవిడ వస్తూ, "ఏంటి, నేలకి జ్వరం చూస్తున్నావా?" అన్నారు.

అరచేతికి ఏమీ తెలియలేదు. బిగించకముందు ఆ రాయి నూతి వైపు చివర అడుగేస్తే టక్‌మని ఈ చివర కాస్త లేచేది. ఏడాదిగా ఆ చప్పుడు నేను రోజూ విన్నాను. దాని మీద పడుకున్న కుక్కకి అదే వాకిటి గంట. మడీ కాదు, వాసనా కాదు. మామ్మగారు రాయి ఎక్కగానే దాని కడుపుకింద నేల కదిలేది. అది లేచేది. ఇప్పుడు నేల కదలడం మానేసింది.

మాస్టారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "బాగుచేయించిన రాయిని పిలిచి మరీ పాడుచేయించమంటావా?" అన్నారు.

పూజగదిలోంచి మామ్మగారి గొంతు వినపడింది. జలుబుతో బొంగురుపోయింది. "తీయించరా. రోజుకి రెండు స్నానాలు నావల్ల కాదు."

"పోయిన వానాకాలం దానికింద తేలు దొరికిందమ్మా."

"తేలొస్తే తేలు సంగతి చూద్దాం. ముందు దీని సంగతి చూడు."

శనివారం వచ్చిన మేస్త్రీ విషయం విని గమేళా కింద పెట్టేశాడు. "రాయి కదలకుండా పెట్టమన్నవాళ్ళనే చూశానండి ఇన్నాళ్ళూ. ఇంతకీ ఎంత కదలాలి?"

నాకు నచ్చే ప్రశ్న అది. వేలిమందం అన్నాను. సిమెంటు కొట్టేసి, రాయి మధ్యలో కింద ఇటుకముక్క పెట్టి, రెండు చివరలా తొక్కి చూసుకున్నాం. తేలు దూరకుండా చుట్టూ సందుల్లో, మా కోల్డ్ స్టోరేజీ తలుపుకి వాడి తీసేసిన రబ్బరు పట్టీ కూరాను. రాయి కదులుతుంది, సందు మూసుకునే ఉంటుంది. కుక్క వచ్చి వాసన చూసి, ఒకటే చుట్టు చుట్టి పడుకుంది.

ఆదివారం పొద్దున నేను గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారు కిటికీలో ఉన్నారు. మామ్మగారు బిందెతో వచ్చి రాయి చివర అడుగు పెట్టారు. టక్‌మంది. కుక్క తల ఎత్తింది. లేవడానికి దానికి చాలాసేపు పట్టింది, ముందు కాళ్ళు, తర్వాత ఒక వెనక కాలు, తర్వాత రెండోది. నిండుబిందె చంకనున్నా ఆవిడ కదలకుండా ఆగారు.

"కానీవే తల్లీ, తొందరేం లేదు. నా మోకాళ్ళూ అంతే" అన్నారు. అది గోడవారకి జరిగాక వెళ్ళారు. ఆ రోజునుంచి రోజూ అంతే. కొన్నాళ్ళకి ఆవిడ కాలితో రాయిని రెండుసార్లు నొక్కడం నేర్చుకున్నారు, తలుపు తట్టినట్టు.

కార్తీకం అయిపోయింది. నాకు గడువు గుర్తుంది. వెళ్ళి అడిగాను.

"మామ్మగారూ, కార్తీకం దాకా అన్నారు కదండీ."

"అన్నాను. మాఘం దాకా చూద్దాం."

మాఘం వెళ్ళాక వైశాఖం అన్నారు. వైశాఖం వెళ్ళాక శ్రావణం అన్నారు. ఉండనివ్వు అనే మాట మాత్రం ఆవిడ నోట రాలేదు. నేనూ ఆశించడం మానేసి, గడువు తీరినప్పుడల్లా వెళ్ళి కొత్తది తెచ్చుకునేవాణ్ణి. ఆ ఏడాదంతా నాకు అంత సంతోషమైన పని ఇంకోటి లేదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అది ఆ రాయి మీదే నిద్రలో పోయింది. నాన్నగారు, అమ్మ రేపల్లె నుంచి వచ్చారు. ఎక్కడ పూడ్చాలో తెలియక నిలబడి ఉంటే, మాస్టారే భట్టిప్రోలు పొలంగట్టు మీద చోటిస్తానని బండి మాట్లాడారు. చివరికి అది భట్టిప్రోలే వెళ్ళింది, మర్యాదగా దుప్పటి కప్పుకుని.

బండి కదిలేముందు మామ్మగారు వీధిగుమ్మం దాకా వచ్చారు. మడిలో ఉన్నారు కాబట్టి దూరంగానే నిలబడ్డారు.

"శ్రావణం దాకా గడువిచ్చాగా" అన్నారు నాతో. "ఏం తొందరొచ్చింది దానికి?"