పిలిస్తే పలకకూడని పేరు

దీనమ్మ సంగతి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఆమె మీద కాదు. నా మీద, మా వకీలు కిషన్ రావు గారి మీద. మేం ఆమెకు చెడు చేయలేదు, మంచే చేశాం. ఆ మంచిని ఆమె ఎట్లా భరించిందో నాలుగేళ్ళు పక్కనే ఉండి కూడా నేను గమనించలేదు. అదీ నా కోపం.

నా పేరు వెంకట్రాజం. హనుమకొండ కోర్టులో కిషన్ రావు గారి దగ్గర గుమాస్తాగా పనిచేశాను. దీనమ్మది మట్టెవాడ. దవాఖానలో దుప్పట్లు ఉతికే పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమెతో బేరానికి దిగితే కూరగాయలమ్మే వాళ్ళు తక్కెడ కింద పెట్టి దండం పెట్టాల్సిందే. చదువు రాదు. మిలిటరీలో ఉన్న ఒక్కగానొక్క కొడుకు రత్నం ఉత్తరం రాస్తే, మక్కపేలాలు కొంగున కట్టుకుని నా దగ్గరికి వచ్చేది. నేను ఉత్తరం చదవాలి, జవాబు రాయాలి, పేలాలు తినాలి. మూడింట్లో ఒక్కటి తప్పించుకున్నా ఊరుకునేది కాదు.

ఒకసారి రత్నం తానున్న కొండల్లో నీళ్ళు గడ్డకడతాయని రాశాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది.

"నీళ్ళు గడ్డకడితే మరి బట్టలెట్ల ఉతుక్కుంటాండు తమ్మీ? గదొక్కటి అడుగు."

అడిగాను. జవాబు రాలేదు. అది అరవై రెండు, దసరా ముందు మాట.

అప్పటికే ఆమె ఇంటి మీద దావా నడుస్తోంది. వేసింది పరాయివాళ్ళు కాదు, చనిపోయిన భర్త ఏలియాకు సొంత తమ్ముడు సుందర్ రావు. వాళ్ళ నాయనకు మట్టెవాడలో రెండు గదుల పెంకుటిల్లు, హసన్‌పర్తి చెరువు కింద కొంచెం పొలం ఉండేవి. పోయేముందు ఆయన కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి ఇల్లు పెద్దవాడికి, పొలం చిన్నవాడికి అని నోటిమాటతో పంచాడు. కాగితం లేదు. తరువాత ఇద్దరూ సంతకాలు పెట్టి పొలం అమ్ముకున్నారు. ఏలియా కూడా పోయిన రెండేళ్ళకు సుందర్ రావు మాట తిరగేశాడు. ఇల్లు తన వాటా అనీ, పొలం అన్నదనీ, అన్న మీద జాలితో ఇన్నాళ్ళు ఉండనిచ్చాననీ దీనమ్మ మీదా రత్నం మీదా కోర్టుకెక్కాడు. పంపకం రోజున దీనమ్మ దవాఖానలో పనిలో ఉంది. అక్కడ కూర్చున్న పెద్దమనిషి కాలం చేశాడు. తాత మాట చెవులారా విని బతికున్న సాక్షి, అప్పటికి పదహారేళ్ళున్న రత్నం ఒక్కడే. అతడు వచ్చి బోనెక్కి చెబితే ఇల్లు నిలుస్తుంది, లేకపోతే లేదు.

చైనాతో యుద్ధం మొదలైంది. కిషన్ రావు గారు ఎర్ర అట్ట పుస్తకం తీసి నాకు చదివి వినిపించారు. సరిహద్దులో యుద్ధంలో ఉన్న సిపాయి మీద సివిల్ దావా ఉంటే, అతను వచ్చేదాకా కోర్టు దాన్ని ఆపి ఉంచాలి. కలెక్టరు కచేరీ నుంచి కాగితం రావాలి. ఇంకొక షరతు, అతని తరఫున అధికారంతో ఎవరూ కోర్టులో నిలబడి ఉండకూడదు. నిలబడితే అతను హాజరైనట్టే లెక్క. అందుకని వకీలు గారు దీనమ్మ తరఫున మాత్రమే ఉన్నారు, రత్నానికి వకీలును పెట్టలేదు. రత్నం కిందటి సెలవులో వచ్చినప్పుడు, ఇంటి పనులూ కోర్టు పనులూ తల్లి చూసుకోవచ్చని ముఖ్తార్‌నామా అనే అధికారపత్రం రాసిచ్చి పోయాడు. దాన్ని పెట్టె అడుగున వేసి ఎవరికీ చూపించొద్దని ఆమెకు గట్టిగా చెప్పాను.

కాగితాలు నేనే తిరిగి తెచ్చాను. దావా ఆగింది. ఆరోజు నేను నేల మీద నడవలేదు. ఆ డిసెంబరులో టెలిగ్రాం వచ్చింది. రత్నం కనబడటం లేదని.

చదివింది నేనే. "కనబడతలేడు అంటే?" అని అడిగింది. పటాలం చెదిరిపోయిందనీ, ఎక్కడున్నాడో వెతుకుతున్నారనీ చెప్పాను. "వెతుకుతాండ్లు గదా. అయితె ఉన్నట్టే" అంది. పేలాలు నా బల్ల మీద పోసి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళ గుడిలో యుద్ధం రోజుల్లో ఒక అలవాటు మొదలైంది. ఆదివారం ప్రార్థన చివర పాస్టరు గారు మిలిటరీకి పోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఆ ఇంటివాళ్ళు లేచి "ఉన్నడయ్యా" అనాలి. అప్పుడు అందరూ అతని కోసం ప్రార్థన చేస్తారు. పేరు పిలిచినప్పుడు ఎవరూ లేవకపోతే ఇక ఆ పిల్లవాడు లేడని అర్థం. అట్లా ఒక ఇంటివాళ్ళు లేవని ఆదివారం గుడంతా ఏడ్చిందని దీనమ్మే నాకు చెప్పింది.

అది విన్నప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. మరుసటి వాయిదాకు కోర్టు జవాను వరండాలో నిలబడి "రత్నం, తండ్రి ఏలియా!" అని కేకేశాడు. దావా ఆగి ఉన్నా ప్రతి వాయిదాకూ మూడుసార్లు పిలవడం కోర్టు పద్ధతి. రెండో కేకకే లోపల బల్ల మీద కూర్చున్న దీనమ్మ దిగ్గున లేచింది.

"ఉన్నడయ్యా! నా కొడుకు ఉన్నడు!"

నవ్వులు వినిపించాయి. సుందర్ రావు వకీలు చటుక్కున లేచి, ప్రతివాది తరఫున తల్లి హాజరైంది కాబట్టి దావా నడిపించాలన్నాడు. జడ్జిగారు మంచివారు. అధికారపత్రం ఏదైనా ఉందా అని ఆమెను అడిగారు. నేను వెనక నుంచి తల అడ్డంగా ఊపుతూ చచ్చాను. ఆమె వెనక్కి తిరిగి నా ముఖం చూసి "లేదు సార్" అంది. ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

బయటికి రాగానే నేను నోరు పారేసుకున్నాను. "నీకు దిమాకున్నదా అక్కా? ఇల్లు పోతది! పేరు పిలిస్తె సప్పుడు చెయ్యకు. నోరు మూసుకొని కూసో. మూడుసార్లు పిలుస్తరు, ఊకుంటరు, మనకు వాయిదా దొరుకుతది. అంతే."

"కడుపున పుట్టినోన్ని పిలుస్తాంటె సప్పుడు చెయ్యకుంట కూసోవాల్నా తమ్మీ?"

"కూసోవాలె."

కూర్చుంది. అరవై మూడు, నాలుగు, అయిదు. చైనా వాళ్ళు పట్టుకున్న సిపాయిలు తిరిగి వచ్చారు. వాళ్ళలో రత్నం లేడు. పోయాడని చెప్పే కాగితమూ రాలేదు. ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతే గానీ మనిషి పోయినట్టు చట్టం అనుకోదు కనుక, అప్పటిదాకా దావాను లాగుతానని కిషన్ రావు గారు ధీమాగా అనేవారు. వాయిదా వాయిదాకూ జవాను మూడుసార్లు పిలిచేవాడు. దీనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల చూసేది. మూడో కేక అయిపోగానే నేను హమ్మయ్య అనుకుని తారీఖు రాసుకునేవాణ్ణి. ఆమె గొంతు పోతున్న సంగతి నాకు తెలియలేదు. బేరాలు మానేసింది. చెప్పిన ధరకే కూరగాయలు కొనుక్కుపోతోందని మా ఆవిడ అంటే, వయసు మీదపడిందిలే అన్నాను. గాడిదను.

అరవై ఆరులో సుందర్ రావు గుడి కమిటీలో పెద్ద. యుద్ధాలు అయిపోయాయి, పేర్ల పట్టీ ఇక సరిచేయాలని కమిటీలో మాట వచ్చిందట. ఆ ఆదివారం ఎప్పటిలాగే రత్నం పేరు పిలిచారు, దీనమ్మ లేచి ఉన్నాడంది. ప్రార్థన అయి అందరూ మెట్లు దిగుతుంటే సుందర్ రావు ఆమెను నిలబెట్టి అడిగాడు.

"కోర్టుల పిలిస్తె పలుకవు. గుడిల పిలిస్తె పలుకుతవు. పోరడు గుడిల ఉండి కోర్టుల లేకుంట ఎట్ల పోతాండు వదినె? రెండింట్ల ఏది నిజమో చెప్పు. ఇంటి కోసం వాణ్ణి అటొకసారి ఇటొకసారి చేస్తానవా?"

సుందర్ రావు దుర్మార్గుడని రాస్తే నాకు హాయిగా ఉంటుంది. కానీ ఆ మాటన్నాక అతనే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడని చూసినవాళ్ళు చెప్పారు. రత్నాన్ని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు.

తరువాతి వాయిదాకు దీనమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. నన్ను పలకరించలేదు. జవాను మొదటి కేక వేశాడో లేదో లేచి నిలబడింది. పాత గొంతు మళ్ళీ వచ్చింది.

"ఉన్నడు సార్. నా కొడుకు ఉన్నడు. ఆయన బదులు నేనున్న."

నేను తల ఊపాను, చేతులు ఊపాను. ఆమె నా వైపు చూడనే లేదు. కొంగు ముడి విప్పి ముఖ్తార్‌నామా తీసి బల్ల మీద పెట్టింది. జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"అమ్మా, దీన్ని తీసుకుంటే దావా నడుస్తుంది. సాక్షి లేకుండా నడుస్తుంది. ఇల్లు పోవచ్చు. తెలుసా?"

"ఎరుకే సార్. నాలుగేండ్ల సంది నా కొడుకు లేడని నా నోటితోని నేనే ఒప్పుకుంటాన. ఇగ నాతోని కాదు. ఇల్లు పోతె పోనియ్యుండ్రి."

మూడు నెలలు నడిచింది. కిషన్ రావు గారు గొంతు పోయేలా వాదించారు. ఎవరున్నారు చెప్పడానికి? ఇల్లు సుందర్ రావుకు వచ్చింది. తీర్పు రోజున వకీలు గారు ఆమెతో మాట్లాడలేదు. బాగా కోపం ఆయనకు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, వరండాలో స్తంభం వెనక్కి పోయి ఏడ్చాను. నాలుగేళ్ళు నేను ఇంటిని కాపాడుతున్నాననుకున్నాను. నోరు మూసుకుని కూర్చోమన్న ప్రతిసారీ ఆ తల్లి చేత కొడుకును కాదనిపించానని అప్పుడు తెలిసింది.

దవాఖాన వెనక పనివాళ్ళ గదుల్లో ఒకటి ఆమెకు దొరికింది. సామాను ఒక్క రిక్షాలో సరిపోయింది. మర్నాడు పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చింది. కొంగున పేలాలున్నాయి.

"ఒక ఉత్తరం రాయాలె తమ్మీ."

"ఎవరికక్కా?"

"రత్నానికే. పాత పటాలం పతా నీ దగ్గర ఉండనే ఉన్నదాయె. వాడొచ్చి మట్టెవాడల తలుపు కొడితె ఎట్ల? కొత్త పతా రాయి. దవాఖాన ఎనక, నీళ్ళ తొట్టి పక్క అర్ర. పోస్టుమాన్‌కు గూడ చెప్పిన."

కార్డు తీశాను. మీ అమ్మ ఆశీర్వాదాలు అని మొదలుపెట్టి, దావాలో మన ఇల్లు పోయింది అని రాస్తూ పైకే చదివాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోయిందని రాయకు. పోరడు ఫికర్ పడతడు. అమ్మ ఇల్లు మారిందని రాయి."

ఆ మాట కొట్టేసి, మారిందని రాశాను.